ఊరికీ స్టేజీకీ మధ్య ఆ మూడు కిలోమీటర్లు

పల్లెటూరి బస్టాప్‌కి తెలుగులో ఒక్క పేరంటూ లేదు. తెలంగాణలో స్టేజీ అంటారు, ఉత్తరాంధ్ర వైపు అడ్డరోడ్డు, జంక్షన్ అంటారు, కృష్ణా గుంటూరుల్లో సెంటర్ అంటారు, సీమలో క్రాస్ అనో గేటు అనో అంటారు. స్టేజీ అన్న మాట ఆర్టీసీ టికెట్ లెక్కలోంచి ఊళ్లోకి వచ్చింది. ఛార్జీని స్టేజీల వారీగా కడతారు కాబట్టి "మీ స్టేజీ ఏది" అని కండక్టర్ అడిగేవాడు, జనం కూడా అదే మాట పట్టుకున్నారు. కొన్నిచోట్ల ఈ పేర్లు ఎంత గట్టిగా నిలబడిపోయాయంటే వెనకున్న అసలు ఊరిని మింగేశాయి. అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరం మండలంలో హైవే మీద అడ్డరోడ్డు అంటే అందరికీ తెలుసు, బెంగళూరు హైవే మీద ఎన్ఎస్ గేటు అంటే తెలుసు గానీ అది నాగసముద్రం గేటు అని పూర్తిగా పలికేవాళ్లు తక్కువ. హనుమాన్ జంక్షన్ సంగతి చూడండి, మండలం పేరు బాపులపాడు, కానీ విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు నాలుగూ కలిసే చోటు కాబట్టి జనం నోట్లో జంక్షనే మిగిలింది.

అసలు ఊరు ఒకచోట, స్టేజీ ఇంకోచోట ఎందుకుంటాయి అంటే మన ఊళ్లు చాలావరకు చెరువు చూసుకునో కాలువ చూసుకునో పుట్టాయి. రోడ్డు వేసినవాళ్లు మాత్రం పట్నానికీ పట్నానికీ మధ్య దగ్గర దారి చూసుకుని వేశారు. దాంతో ఊరు లోపల ఉండిపోయింది, రోడ్డు రెండు మూడు కిలోమీటర్ల అవతల నుంచి పోయింది, ఒక్కోచోట అయిదారు కిలోమీటర్లు కూడా. ఆ రోడ్డుకి ఊరి దారి తగిలే చోట ఒక వేప చెట్టో మర్రి చెట్టో ఉంటే దాని కింద స్టేజీ పుట్టింది. ఒక్క స్టేజీ వెనకాల నాలుగైదు ఊళ్లు, వాటి శివార్లు, తండాలు, కాలనీలు ఉంటాయి. అంటే అక్కడ ఆగే ఒక్క బస్సు మీద నాలుగైదు ఊళ్ల రోజు ఆధారపడి ఉంటుందనమాట.

పొద్దున్నే వెళ్లి నిలబడితే ఇది కళ్లకి కనపడుతుంది. అయిదున్నర ఆరుకి వచ్చేవాళ్లు వేరు, ఏడున్నరకి వచ్చేవాళ్లు వేరు, తొమ్మిదికి వచ్చేవాళ్లు వేరు. ముందు వచ్చేది కూలికి పోయే ఆడవాళ్లు, చేతిలో స్టీలు టిఫిన్ క్యారియర్, నీళ్ల బాటిల్, ఎండకి తలకి చుట్టుకోడానికి పాత చొక్కా లేదా తువ్వాలు. మిరప కోతల టైములో అయితే ఆ స్టేజీ సిమెంటు అరుగు మీద చోటే ఉండదు. వాళ్లతోపాటే కూరగాయల గంపలు, ఆకుకూర మూటలు వస్తాయి, రైతు బజారుకి పొద్దున్నే అందకపోతే సగం ధరకి అమ్ముకోవాల్సిందే కాబట్టి ఆ మూట పక్కన నిలబడ్డ మనిషి కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. తర్వాత యూనిఫారంల పిల్లలు. ఆ తర్వాత ఆస్పత్రికి పోయే ముసలివాళ్లు, చేతిలో పాలిథిన్ కవర్లో ఎక్స్‌రే, మందుల చీటీలు, ఆధార్ కార్డు. మండల ఆఫీసులో పనున్నవాళ్లు, బ్యాంకుకి పోయేవాళ్లు చివర. ఎవరికి వాళ్లకి ఒక బస్సు ఉంటుంది, దానికి టైము కాదు, పేరు ఉంటుంది: ఫస్ట్ బస్సు, కాలేజీ బస్సు, పదింటి బస్సు, నైట్ హాల్ట్ బస్సు.

ఇందులో మగవాళ్లు ఎందుకు తక్కువ కనపడతారు అన్నది ముఖ్యమైన సంగతి. ఒకప్పుడు స్టేజీ దగ్గర మగా ఆడా సమానంగా ఉండేవాళ్లు. ఇంటింటికీ బైక్ వచ్చాక మారిపోయింది. బైక్ ఇంటికి వచ్చింది అంటాం గానీ నిజానికి అది ఇంట్లో మగవాళ్లకి వచ్చింది, ఆడవాళ్లకి, ముసలివాళ్లకి, పిల్లలకి బస్సే మిగిలింది. కాబట్టి పల్లె బస్సు ఒక ట్రిప్పు తీసేశారంటే ఆ దెబ్బ ఊరందరికీ సమానంగా తగలదు. బైక్ ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. పంచాయతీలో మాట్లాడే మనిషికి బైక్ ఉంటుంది, బస్సు కోసం నిలబడే మనిషికి పంచాయతీలో మాట చెల్లదు. ట్రిప్పులు నెమ్మదిగా పోతున్నా ఏళ్ల తరబడి ఎవరూ గట్టిగా అడగకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఇప్పుడు ఫ్రీ బస్సు సంగతి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి, ట్రాన్స్‌జెండర్లకి ఉచిత ప్రయాణం మొదలైంది. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పేరుతో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లతో పాటు సిటీ బస్సుల్లో కూడా వచ్చింది. కండక్టర్ జీరో టికెట్ కొడతాడు, ఆ లెక్క ప్రకారం ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టాలి. ఇది చిన్న మార్పు కాదు. రోజుకి వందో నూటయాభయ్యో టికెట్‌కే పోయే కూలి మనిషికి ఆ డబ్బు చేతిలో మిగలడం, పుట్టింటికి పోవాలంటే భర్తని డబ్బు అడగాల్సిన పని లేకపోవడం, ఇవి ఆ స్టేజీ దగ్గర నిలబడేవాళ్లని అడిగితే తెలుస్తుంది. ఉచితాలు అని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు ఒక్కసారి ఆ అరుగు మీద కూర్చుని చూడాలి.

కానీ ఈ పథకం తీర్చింది టికెట్ సమస్య. పల్లె స్టేజీకి ఉన్నది రెండు సమస్యలు, టికెట్ ఒకటి, టైము రెండోది. బస్సు ఫ్రీ అయినా అది ఏడు నలభైకి రాకుండా తొమ్మిదింటికి వస్తే ఫస్ట్ పీరియడ్ పోయినట్టే, కూలికి పోయే మనిషిని మేస్త్రి ఆ రోజుకి వద్దంటాడు, ఆస్పత్రిలో ఓపీ లైను చాంతాడంత అయిపోతుంది, మధ్యాహ్నం దాటితే డాక్టర్ ఉండడు. ఇంకో సంగతి, ఫ్రీ టికెట్ మొదలయ్యేది స్టేజీ దగ్గర, ఊళ్లో ఇంటి గుమ్మం దగ్గర కాదు. ఊరి నుంచి స్టేజీ దాకా ఆ మూడు కిలోమీటర్లకి ఆటోకి ఇచ్చుకోవాల్సిందే, లేదా "అన్నా, స్టేజీ దాకా దింపవా" అని బైక్ మీద పోయేవాణ్ణి అడగాల్సిందే, లేదా ఎండలో నడక. నలభై కిలోమీటర్ల దూరం ఫ్రీగా పోయి మూడు కిలోమీటర్లకి డబ్బులు వెతుక్కోవడం అన్నమాట. పైగా బస్సులో ఎక్కేవాళ్లు పెరిగారు, బస్సులు అదే లెక్కలో పెరగలేదు, కాబట్టి మధ్యలో ఉన్న స్టేజీకి వచ్చేసరికి బస్సు నిండిపోయి ఉంటుంది, డ్రైవర్ చెయ్యి ఊపి వెళ్లిపోతాడు. ఎక్కించుకోలేదని డ్రైవర్‌ని తిట్టుకుంటారు గానీ లోపల ఫుట్‌బోర్డ్ దాకా నిండిపోయిన బస్సుని ఆపి ఇంకో పదిమందిని ఎక్కించుకుంటే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద లోయలో పడిన ఆర్టీసీ బస్సులో ఉన్నది వందమంది దాకా, అరవై మందికి పైగా చనిపోయారు. అది పల్లెలనుంచి జగిత్యాల వెళ్లే మామూలు పల్లె బస్సే, రోజూ అలాగే నిండిపోయి పోయే బస్సే.

మరి ట్రిప్పులు ఎందుకు తీసేస్తారు? దీన్ని కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే డిపో మేనేజర్ మంచివాడా చెడ్డవాడా అన్నదాన్ని బట్టి జరిగే పని కాదు ఇది. ఆర్టీసీలో ప్రతి ట్రిప్పుకీ ఈపీకే అని ఒక లెక్క ఉంటుంది, అంటే కిలోమీటరుకి వచ్చిన రాబడి. దాని పక్కన కిలోమీటరుకి అయ్యే ఖర్చు ఉంటుంది, డీజిల్, జీతాలు, టైర్లు, స్పేర్‌పార్టులు. ఇంకోటి ఓఆర్, బస్సులో సీట్లు ఎంతవరకు నిండాయి అన్నది. హైవే మీద పోయే ఎక్స్‌ప్రెస్ రెండువైపులా నిండుతుంది. పల్లె ట్రిప్పు అలా కాదు. పొద్దున ఊళ్ల నుంచి పట్నం వైపు కిటకిటలాడుతూ పోతుంది, ఆ జనాన్ని తెచ్చుకోడానికి మాత్రం పట్నం నుంచి ఖాళీగా రావాలి. సాయంత్రం ఇది తిరగబడుతుంది. అంటే ఎంత బాగా నడిచినా సగం దూరం ఖాళీ బస్సే. ఇక స్టేజీ దగ్గర నుంచి లోపలికి తిరిగి ఊళ్లోకి పోయి మళ్లీ అదే దారిన వెనక్కి వచ్చే ట్రిప్పు అయితే ఆ ఆరు కిలోమీటర్లు ఇరుకు రోడ్డు, గుంతలు, అడ్డంగా ట్రాక్టర్లు, ఎండాకాలం రోడ్డు మీదే ఆరబోసిన వడ్లు. టైము పోతుంది, డీజిల్ పోతుంది, ఎక్కేది పదిమంది. కాగితం మీద చూస్తే ఆ ట్రిప్పు నష్టమే. ఆ కాగితంలో లేనిది ఏంటంటే, ఆ పదిమందిలో ఆరుగురు ఇంటర్ చదివే ఆడపిల్లలు అన్నది.

నైట్ హాల్ట్ బస్సు కథ ఇంకా బాధాకరం. రాత్రి ఎనిమిదింటికో తొమ్మిదింటికో చివరి ట్రిప్పుగా ఊళ్లోకి వచ్చి, డ్రైవరూ కండక్టరూ ఊళ్లోనే పడుకుని, తెల్లారుజామున ఫస్ట్ ట్రిప్పుగా బయల్దేరే బస్సు అది. దాని వల్ల రెండు పనులు జరిగేవి. పట్నంలో ఆలస్యమైన మనిషికి ఇంటికి చేరతానన్న ధైర్యం ఉండేది, పొద్దున అయిదింటికి రైలు అందుకోవాలన్నా పెద్దాస్పత్రికి పోవాలన్నా ఊళ్లోనే బస్సు రెడీగా ఉండేది. రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే బస్సు ఊళ్లో ఉందన్న మాటే సగం ధైర్యం. అది నిలబడాలంటే ఆ ఇద్దరికీ పడుకోడానికి ఒక గది, ఫ్యాను, నీళ్లు, మరుగుదొడ్డి, కాస్త తిండి కావాలి. చాలా ఊళ్లలో పంచాయతీ ఆఫీసు వరండాయే గది, దోమలే తోడు. రోజంతా గుంతల రోడ్డు మీద తోలి వచ్చిన మనిషి అలా పడుకుని మళ్లీ నాలుగున్నరకి లేచి స్టీరింగ్ పట్టుకోవాలంటే ఎవరికైనా కష్టమే. ఊరు ఆ ఇద్దరినీ తన మనుషులుగా చూసుకున్నచోట బస్సు ఏళ్ల తరబడి వచ్చింది, చూసుకోనిచోట ఏదో ఒక కారణం మీద ఆగిపోయింది.

ఆగిపోవడానికి కారణాలు కూడా ఎప్పుడూ ఒకేలా మొదలవుతాయి, తాత్కాలికంగా అని. జాతరకి స్పెషల్ బస్సులు వేయాలి, మేడారానికి 2024లో ఆరు వేల బస్సులు వేశారు, సంక్రాంతికి వేయాలి, పెద్ద సభలకి బస్సులు అద్దెకివ్వాలి. ఉన్న బస్సుల్లోంచే అవి తీయాలి కాబట్టి ముందు తీసేది పల్లె ట్రిప్పే. ఆ పొద్దున స్టేజీ దగ్గర నిలబడ్డవాళ్లకి చెప్పేవాళ్లు ఉండరు. తెలంగాణలో 2019 అక్టోబర్ 5 నుంచి 52 రోజులు సమ్మె జరిగింది, అది ముగిసిన నాలుగు నెలలకే కరోనా లాక్‌డౌన్ వచ్చింది. ఇలాంటి గ్యాప్ తర్వాత పెద్ద రూట్లు వెంటనే తిరిగి మొదలవుతాయి, లోపలి ఊళ్ల ట్రిప్పులు కొన్ని మొదలే కావు. ఎవరూ రద్దు చేశామని చెప్పరు, బస్సు మాత్రం రాదు.

రంగారెడ్డి జిల్లా మంచాల మండలం చీదేడులో సరిగ్గా ఇదే జరిగింది. కరోనా టైములో ఆగిన బస్సు బడులు తెరిచాక కూడా రాలేదు, పిల్లలు రోజూ ఆటోలకి డబ్బులు పెట్టుకుని పోవాల్సి వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి 2021లో ఏకంగా సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ ఎన్.వి.రమణకి ఉత్తరం రాసింది. ఆయన అప్పటి కృష్ణా జిల్లా (ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా) పొన్నవరం అనే పల్లెటూరి మనిషి, ఆ ఉత్తరం పక్కన పెట్టకుండా అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్‌కి చెప్పారు, నవంబర్‌లో బస్సు మళ్లీ మొదలైంది. అందరం సంతోషపడ్డ వార్త ఇది, ఆ అమ్మాయి ధైర్యానికి మెచ్చుకోవాల్సిందే. కానీ ఒక పల్లె బస్సు ఒక ట్రిప్పు తిరిగి రావడానికి దేశంలో అందరికంటే పెద్ద జడ్జి దాకా ఉత్తరం పోవాల్సి వచ్చింది అంటే, మధ్యలో ఉన్న సర్పంచ్, ఎంపీడీవో, బడి హెడ్మాస్టర్, డిపో, ఎమ్మెల్యే ఆఫీసు, ఇన్ని మెట్లలో ఎక్కడా ఆ మాట చెప్పుకునే చోటు ఆ పిల్లకి దొరకలేదన్నమాట. 2023 మేలో తెలంగాణ ఆర్టీసీ విలేజ్ బస్ ఆఫీసర్ అని ఒక పద్ధతి పెట్టింది, ఊరికి ఒక ఆర్టీసీ ఉద్యోగి బాధ్యుడిగా ఉండి సర్పంచ్‌తో ఊరివాళ్లతో మాట్లాడుతూ ఉండాలని. ఆలోచన చాలా మంచిది. అది కాగితం మీద ఉండిపోకుండా ఆ ఉద్యోగి ఫోన్ నంబర్ స్టేజీ గోడ మీద ఉండాలి, అదీ అసలు పని.

గోడ అంటే గుర్తొచ్చింది, ఆ షెల్టర్ ఎవరిది అన్నది చాలామందికి తెలియదు. ఆర్టీసీది అనుకుంటారు. పట్నాల్లో బస్టాండ్లు ఆర్టీసీవి, రోడ్డు పక్క షెల్టర్ ఎక్కువగా పంచాయతీదో, ఎంపీ ఎమ్మెల్యే నిధులతో కట్టిందో, లేదా ఊళ్లో ఎవరో తల్లిదండ్రుల జ్ఞాపకార్థం కట్టించిందో అయి ఉంటుంది. కట్టేవాళ్లు ఒకరు, ఊడ్చేవాళ్లు ఎవరూ లేరు, బస్సు ఆపేది ఇంకొకరు. అందుకే రేకు ఎగిరిపోతే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. లోపల బెంచీ విరిగి ఉంటుంది, ఒక మూల సీసా పెంకులు, ఆడవాళ్లు లోపల కూర్చోలేక బయట చెట్టు కింద నిలబడతారు. ఇక మరుగుదొడ్డి మాటే ఎత్తక్కర్లేదు, గంటన్నర బస్సు కోసం నిలబడే ఆడవాళ్లు పొద్దున ఇంటి దగ్గర నీళ్లు తాగడం మానేసి బయల్దేరతారు. ఇది చిన్న విషయం కాదు.

హైవే వెడల్పు చేసినచోట ఇంకో కష్టం. పాత చెట్టూ పాత షెల్టరూ రెండూ పోతాయి. కొత్తగా బస్ బే కడతారు, చూడ్డానికి బాగుంటుంది, కానీ ఊరి దారి తగిలే చోట కాకుండా కాస్త దూరంగా పడుతుంది. మధ్యలో డివైడర్, అవతలి వైపు బస్సు ఎక్కాలంటే అండర్‌పాస్ దాకా నడవాలి, లేదా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని లారీల మధ్య దాటాలి. ఫ్లైఓవర్ పడితే ఎక్స్‌ప్రెస్‌లు పైనుంచి పోతాయి, కింద సర్వీస్ రోడ్డులో నిలబడ్డవాళ్లకి బస్సు చప్పుడు మాత్రమే వినపడుతుంది. హనుమాన్ జంక్షన్ లాంటి పెద్ద కూడలికే బైపాస్ వచ్చేసింది, అంత పేరున్న చోటు కాబట్టి బస్సులు లోపలికి వస్తాయి, పేరులేని స్టేజీల కోసం లోపలికి తిరిగే బస్సు ఏది? రోడ్డు బాగుపడటం, బస్సు దూరమవటం రెండూ ఒకేసారి జరగడం ఆ ఊళ్లకి అర్థం కాని బాధ. ఊళ్ల లోపలి రోడ్ల సంగతీ అంతే. 2000 డిసెంబర్‌లో మొదలైన గ్రామ సడక్ యోజన వల్ల తారు రోడ్డు లేని ఎన్నో ఊళ్లకి రోడ్డు పడింది. రోడ్డు వస్తే బస్సు వస్తుందనుకున్నారు, వచ్చింది బైకులూ ఆటోలూ.

ఆటోని ఇక్కడ విలన్ చేయడం తప్పు. చట్టం ప్రకారం ఆటోకి ఉండేది కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్, అంటే ఒక మనిషి మొత్తం బండి మాట్లాడుకుని పోవాలి, తలా ఇంత తీసుకుని దారిలో ఎక్కించుకుంటూ దింపుకుంటూ పోవడం స్టేజ్ క్యారేజ్ కిందకి వస్తుంది, ఆ హక్కు ఆటోకి లేదు. కానీ బస్సు రాని ఊళ్లో షేర్ ఆటోయే లేకపోతే ఆ ఊరు ఎప్పుడో ఇళ్లకి తాళాలేసుకునేది. గొడవ ఎక్కడంటే ఆటోవాడు కూడా జనం ఉన్న టైముకే వస్తాడు, బస్సుకి పది నిమిషాల ముందు వచ్చి స్టేజీ ఊడ్చేస్తాడు. బస్సు వచ్చేసరికి నలుగురే మిగులుతారు, ఈపీకే పడిపోతుంది, మూడు నెలలకి ట్రిప్పు తీసేస్తారు, బస్సు పోయాక ఆటో ఛార్జీ పెరుగుతుంది. ఫ్రీ బస్సు వచ్చాక ఇది తిరగబడి ఆటోవాళ్ల పొట్ట మీద పడింది. ఆంధ్రలో 2025 అక్టోబర్‌లో ఆటో డ్రైవర్లకి ఏడాదికి 15 వేలు ఇవ్వడం మొదలుపెట్టింది అందుకే. డబ్బు ఇవ్వడం మంచిదే, దానికంటే మంచిది వాళ్లకి పని చూపించడం. ఊరికీ స్టేజీకీ మధ్య ఆ మూడు కిలోమీటర్లు ఆటోకి, స్టేజీ నుంచి పట్నం దాకా బస్సుకి అని పంచుకుని, బస్సు టైముకి ఆటో స్టేజీ చేరేలా పెట్టి, ఆ ముక్క దూరానికి జీరో టికెట్ లాంటిదే ఆటోవాడికి కూడా కట్టిస్తే ఇద్దరూ బతుకుతారు.

ఇవన్నీ పెద్ద పనులు, టైము పడతాయి. ఈలోపు ఊరు చేసుకోగలిగింది ఒకటుంది. బస్సు కావాలి అని డిపోకి ఉత్తి అర్జీ పెడితే అది ఫైల్లో పడి ఉంటుంది, ఎందుకంటే డిపో మాట్లాడేది లెక్కల భాష. కాబట్టి లెక్కే పట్టుకెళ్లాలి. స్టేజీ దగ్గర టీ కొట్టువాళ్లకి ఒక నోట్‌బుక్ ఇచ్చి నెల రోజులు రాయించొచ్చు, ఏ తేదీ ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, రాలేదు, ఆగకుండా పోయింది, ఎంతమంది నిలబడ్డారు, అందులో బడి పిల్లలెందరు. వాళ్లు ఎలాగూ అక్కడే ఉంటారు, వెనక స్టేజీకి ఫోన్ చేసి "బస్సు దాటిందా అన్నా" అని కనుక్కుని జనానికి చెప్పేది ఇప్పటికీ వాళ్లే. బడి ఎన్నింటికి పెడతారో ఎన్నింటికి వదుల్తారో హెడ్మాస్టర్ సంతకంతో ఒక కాగితం, వెనకున్న నాలుగైదు పంచాయతీల గ్రామసభ తీర్మానాలు విడివిడిగా కాకుండా కలిపి ఒకే సెట్టు, నైట్ హాల్ట్ అడిగితే గది ఎక్కడిస్తారో కూడా అందులోనే రాసి డిపోలో ఇచ్చి, తీసుకున్నట్టు స్టాంపు వేయించుకుని రావాలి. ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో రాయాల్సిన ట్రిప్పు పొద్దున ఏడు నలభైది.